పచ్చగా పెరిగితే చాలదు: భారలోహాలున్న నేలలో సాగు ఎలా చేయాలి

హైదరాబాద్ దాటాక మూసీ నీళ్లతో, పశువుల మేత కోసం పెంచే పారా గడ్డిని ఒకసారి చూడండి. ముదురాకుపచ్చ రంగు, కాలు పెట్టడానికి సందు లేనంత దట్టం. కోసిన కొద్దీ మళ్లీ చిగురిస్తుంది. మురుగునీళ్లలో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి కాబట్టి ఆ పచ్చదనంలో ఆశ్చర్యం లేదు. కానీ అవే నీళ్లలో పరిశ్రమల నుంచి, చిన్నాచితకా వర్క్‌షాపుల నుంచి వచ్చే సీసం, క్రోమియం, నికెల్, కాడ్మియం లాంటి భారలోహాలూ కలుస్తుంటాయి. గడ్డి వాటిని కూడా తాగుతుంది, తట్టుకుంటుంది, పచ్చగానే ఉంటుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. పైరు ఏపుగా ఉంది కదా, నేలకు ఏ రోగమూ లేదనుకుంటారు. మొక్క విషాన్ని తట్టుకునేది తన ప్రాణం నిలుపుకోవడానికి. దాన్ని తినే మనిషికీ, మేసే గేదెకూ ఆ తట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా బాగా తట్టుకునే మొక్కే ఆకుల నిండా లోహం మోస్తూ ఉండొచ్చు. కాబట్టి మీ పొలం మీదో, పెరటి మట్టి మీదో అనుమానం వస్తే, మొక్క ఆ లోహాన్ని తన ఒంట్లో ఏ భాగంలో దాస్తోందో ముందు తెలుసుకోవాలి. కింద చెప్పే పనులన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మొదటి పని: ఎక్కడ అనుమానించాలో తేల్చుకోండి

అన్ని పొలాలకూ ఈ బెడద లేదు. మీ నేల ఈ కింది వాటిలో దేనికిందికైనా వస్తుందేమో చూసుకోండి.

పారిశ్రామిక వాడ దిగువన ఉన్న వాగు, కాలువ, చెరువు నీళ్లు పారే భూములు మొదటివి. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అక్కడి నక్కవాగు వెంట ఉన్న రైతులకు ఇదేమీ కొత్త సంగతి కాదు. పాత గనుల చుట్టుపక్కల భూములు రెండోవి. పల్నాడు వైపు అగ్నిగుండాల దగ్గర సీసం, రాగి ఖనిజాలు ఉన్నాయి. కొండపల్లి కొండల్లో క్రోమైట్ ఉంది. ఇలాంటి చోట్ల నేలలోనే లోహం పాలు ఎక్కువగా ఉంటుంది.

ఊళ్లలో అయితే పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చోటు, ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్డు, తోళ్లు శుద్ధి చేసే చోటు, చెత్త తగలబెట్టే డంపింగ్ యార్డు చూడండి. ఇంటి పెరడైతే పాత పెయింటు రాలిన గోడ పక్క మట్టిని నమ్మొద్దు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017లో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు వేసిన రంగుల పెచ్చులు ఆ గోడ కిందే రాలి ఉంటాయి.

చెరువు మట్టి గురించి ఒక మాట. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి తెలంగాణలో పూడిక మట్టి పొలాలకు తోలడం మళ్లీ ఊపందుకుంది. పల్లె చెరువు మట్టి నిజంగానే బంగారం. నగరం నడుమ ఉన్న చెరువు, ఫ్యాక్టరీల కింద ఉన్న కుంట, ఏటా రంగులు పూసిన విగ్రహాలు నిమజ్జనం చేసే చెరువు వేరు. నీళ్లలోని లోహాలన్నీ చివరికి అడుగున పేరుకునేది ఆ పూడికలోనే. అలాంటి మట్టిని పరీక్ష చేయించకుండా ఒక్క ట్రాక్టరు కూడా తోలించుకోకండి. తోలాక తీసేయడం ఎవరి వల్లా కాదు. ఆ చెరువుల్లోంచి తీసిన గుర్రపుడెక్క కంపోస్టుకూ ఇదే మాట. లోహాలను పీల్చడంలో గుర్రపుడెక్కది అందెవేసిన చెయ్యి.

రెండో పని: మొక్క లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఇది దాటేసి నేరుగా ఎరువుల దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. దాటకండి. సున్నం ఎందుకు వేయాలో, జింక్ ఎందుకు వేయాలో, వరిలో నీళ్లు ఎప్పుడు తీయాలో అన్నీ ఇక్కడి నుంచే అర్థమవుతాయి.

రాగి, జింక్, నికెల్, మాంగనీసు మొక్కకు కొద్దిగా కావాలి. ఎక్కువైతేనే విషం. కాడ్మియం, సీసం, పాదరసం, ఆర్సెనిక్ మొక్కకు ఎందుకూ పనికిరావు. మరి ఎందుకు పీల్చుకుంటుంది? కావాలని కాదు. కాడ్మియం కోసం వేరులో ప్రత్యేకంగా ద్వారం ఏదీ లేదు. ఇనుము, జింక్, మాంగనీసు వచ్చే ద్వారాల గుండానే అది దూరుతుంది. వరిలో కాడ్మియం ఎక్కువగా వచ్చేది మాంగనీసు ద్వారం గుండా. ఆర్సెనిక్ ఆరిన నేలలో ఆర్సెనేట్ రూపంలో ఉండి భాస్వరం దారి పడుతుంది. నీళ్లు నిలిచిన మడిలో ఆర్సెనైట్‌గా మారి సిలికాన్ దారిన వస్తుంది. వరి సిలికాన్‌ను విపరీతంగా పీలుస్తుంది. బియ్యంలో ఆర్సెనిక్ సమస్య రావడానికి అదో ముఖ్య కారణం. ప్రమాదకరమైన ఆరు వేలెన్సీ క్రోమియం గంధకం ద్వారం గుండా దూరుతుంది.

దీన్నిబట్టి ఒక సంగతి గుర్తుంచుకోండి. మొక్కకు ఇనుము, జింక్ కరువైతే అది ఆ ద్వారాలను ఇంకా ఎక్కువగా తెరుస్తుంది. ఆకలితో ఉన్న వేరు కాడ్మియాన్ని కూడా మింగేస్తుంది.

లోపలికి వచ్చిన లోహం ఏం చేస్తుంది? ఎంజైముల్లో జింక్ ఉండాల్సిన చోట కాడ్మియం కూర్చుంటుంది. గంధకం ఉన్న ప్రోటీన్లను పట్టుకుని వాటి పని చెడగొడుతుంది. కణంలో చురుకైన ఆక్సిజన్ రూపాలు పెరిగి పొరలు దెబ్బతింటాయి. ముందు దెబ్బ తినేది వేరు కొస.

మొక్క ఊరుకోదు. మొదట వేరు బయటే ఆపాలని చూస్తుంది. వేర్లు సిట్రేట్, మాలేట్ లాంటి ఆమ్లాలు వదిలి కొన్ని లోహాలను బయటే కట్టేస్తాయి. దాటి వస్తే కణకవచంలో అతికించుకుంటుంది. సీసం చాలావరకు అక్కడే ఆగిపోతుంది. అందుకే సీసం వేర్లలో ఎక్కువ, ఆకుల్లో తక్కువ. అదీ దాటి కణంలోపలికి వచ్చిన కాడ్మియానికీ ఆర్సెనిక్‌కూ మొక్క దగ్గర ఫైటోకెలటిన్‌లనే చిన్న అణువులున్నాయి. 1985లో జర్మనీ శాస్త్రవేత్తలు వీటిని మొక్కల్లో గుర్తించారు. గంధకం ఉన్న గ్లూటాథయోన్ నుంచి ఇవి తయారవుతాయి. లోహం తగిలిన వెంటనే వాటిని అల్లే ఎంజైము పని మొదలుపెడుతుంది. అవి లోహాన్ని పట్టుకున్నాక, మొక్క ఆ మూటను కణం మధ్యలో ఉండే రిక్తిక అనే సంచిలోకి తోసేస్తుంది. ఇంట్లో పనికిరాని సామాను అటక ఎక్కించినట్టే. సామాను ఇంట్లోంచి పోలేదు, అడ్డం మాత్రం తొలగింది.

మనకు ముఖ్యమైన తేడా ఈ రిక్తిక వేరులో ఉందా, ఆకులో ఉందా అన్నదే. వేరులోనే దాచేసే మొక్క కాయలు, గింజలు కొంత క్షేమం. నీళ్లను పైకి మోసే దారువులోకి ఎక్కించి ఆకులకు పంపేసే మొక్క ఆకులు తినడం ప్రమాదం. వరిలోనే కొన్ని రకాల్లో వేరులో దాచే జన్యువు సరిగా పని చేయదు. వాటి గింజల్లో కాడ్మియం ఎక్కువగా తేలుతుంది.

పైకి పంపడంలో విపరీతానికి పోయిన మొక్కలూ ఉన్నాయి. పసిఫిక్ సముద్రంలోని న్యూ కలెడోనియా దీవుల్లో ఒక చెట్టు కొడితే కారే పాలు నీలి ఆకుపచ్చగా ఉంటాయి. ఆ పాలను ఎండబెడితే బరువులో నాలుగోవంతు దాకా నికెలే ఉన్నట్టు 1976లో కనుక్కున్నారు. ఇలా ఏదో ఒక లోహాన్ని ఒంటి నిండా నింపుకునేవి లోకంలో ఏడొందల జాతులకు పైనే ఉన్నాయి. వాటిలో ఒకదాని సంగతి తొమ్మిదో పనిలో చెప్తాను.

మూడో పని: వేరు పీకి చూడండి

ఆకు చూసి లోహ విషం అని చెప్పడం కష్టం. లేతాకుల్లో ఈనెలకూ ఈనెలకూ నడుమ ఉన్న భాగం పసుపు పచ్చబడుతుంది. అది ఇనుప ధాతు లోపంలాగే ఉంటుంది, ఎందుకంటే జింక్, నికెల్, రాగి ఎక్కువైనప్పుడు మొక్కకు నిజంగానే ఇనుము అందదు. సున్నపు నేలల్లో ఏ లోహమూ లేకుండానే ఈ పసుపు వస్తుంది. కాబట్టి ఆకును సాక్ష్యంగా తీసుకోకండి.

మొక్కను మట్టి గడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి, వేర్లు తెగకుండా మట్టి వదిలించండి. ఆరోగ్యమైన వేరు తెల్లగా, సన్నగా, చివర నూగుతో ఉంటుంది. లోహం దెబ్బ తిన్న వేరు పొట్టిగా, లావుగా, గోధుమరంగులో ఉంటుంది. పక్క వేర్లు మొలిచినా పొడుగు సాగక మొద్దుగా ఆగిపోతాయి. నులిపురుగు పడితే వేర్ల మీద బుడిపెలు కనిపిస్తాయి, వేరు కుళ్లు అయితే పైతోలు జారిపోయి వాసన వస్తుంది. ఈ రెండూ లేకుండా వేర్లు మొద్దుబారి ఉంటే తర్వాతి పనికి వెళ్లండి.

నాలుగో పని: ఉల్లిగడ్డతో పరీక్ష

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఇది. ఉల్లి వేర్లతో విషాన్ని అంచనా వేసే పద్ధతిని ప్రయోగశాలల్లో 1938 నుంచీ వాడుతున్నారు. ఇంట్లో ఇలా చేయండి.

ఒకే సైజు చిన్న ఉల్లిగడ్డలు పది తీసుకోండి. మొలకెత్తినవి వద్దు. పైన వదులుగా ఉన్న పొట్టు తీసి, అడుగున ఎండిన పాత వేర్లను చాకు కొసతో గీకేయండి. కొత్త వేర్లు వచ్చే గుండ్రటి వలయానికి గాటు పడకూడదు. పది గ్లాసులు పెట్టి, ఐదింటిలో మంచి బోరు నీళ్లు, ఐదింటిలో అనుమానమున్న నీళ్లు అంచు దాకా పోయండి. నల్లా నీళ్లు వాడితే ముందురోజే పట్టి మూత లేకుండా ఉంచండి, క్లోరిన్ పోతుంది. గడ్డ అడుగు మాత్రమే నీళ్లకు తగిలేలా గ్లాసు మూతి మీద కూర్చోబెట్టండి. ఎండ తగలని చోట ఉంచి రోజూ నీళ్లు మార్చండి.

మట్టిని పరీక్షించాలంటే ఒక గ్లాసు మట్టికి నాలుగు గ్లాసుల మంచినీళ్లు కలిపి, రాత్రంతా ఉంచి, పల్చని గుడ్డలో రెండు మడతలు వేసి వడకట్టి ఆ నీళ్లు వాడండి.

నాలుగో రోజు ప్రతి గడ్డకూ పొడవైన వేర్లు ఐదు కొలిచి సగటు చూడండి. మంచినీళ్లలో వేర్లు నిటారుగా తెల్లగా దిగుతాయి. రాగి లాంటి లోహం ఎక్కువున్న నీళ్లలో గోరంత పొడవు దగ్గరే ఆగిపోయి, కొసలు గోధుమరంగు తిరిగి, కొన్ని కొక్కెంలా వంగుతాయి. పొడవు సగానికి తగ్గితే ఆ నీళ్లలో ఏదో ఉందని అర్థం.

ఆ ఏదో లోహమే అవ్వాలని లేదు. ఉప్పు ఎక్కువైనా, డిటర్జెంటు కలిసినా వేర్లు ఆగిపోతాయి. అంతకంటే ముఖ్యమైనది: వేర్లు బాగా వచ్చాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. మనిషి మూత్రపిండాలను ఏళ్ల తరబడి దెబ్బతీసేంత కాడ్మియం ఉల్లి వేరును ఏమీ చేయకపోవచ్చు. ఈ పరీక్షలో తేడా కనిపిస్తే తప్పకుండా ల్యాబుకు వెళ్లాలి. కనిపించకపోయినా, మొదటి పనిలో చెప్పిన చోట్ల మీ పొలం ఉంటే వెళ్లాల్సిందే.

ఐదో పని: ల్యాబ్ పరీక్ష, రిపోర్టు చదవడం

మీ దగ్గరున్న సాయిల్ హెల్త్ కార్డు ఇందుకు చాలదు. అందులో ఉండే 12 అంశాల్లో జింక్, రాగి, ఇనుము, మాంగనీసు ఉంటాయి, అవి కూడా పోషకాలుగానే. కాడ్మియం, సీసం, క్రోమియం, ఆర్సెనిక్ ఉండవు. భారలోహాల పరీక్ష కావాలని విడిగా అడగాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం ల్యాబుల్లో, లేదా ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ప్రైవేటు ల్యాబుల్లో అడగండి. ఎక్కడికి పంపాలో దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రం చెబుతుంది.

మట్టి తీసేటప్పుడు మామూలు పరీక్షకు లేని జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. జింక్ పూత ఉన్న రేకు, రంగు వేసిన పార, ఇత్తడి గిన్నె వద్దు. స్టీలు తాపీ, ప్లాస్టిక్ బకెట్ చాలు. ఎకరాకు పది పదిహేను చోట్ల, పైన చెత్త తోసేసి, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగల్చండి. యూరియా సంచిలో పోయకండి, కొత్త పాలిథిన్ కవరు వాడండి.

నీళ్లు పొలంలోకి దిగే మడిని మాత్రం మిగతా వాటితో కలపొద్దు. నీళ్లతో వచ్చే ఒండ్రు, దాంతోపాటు లోహం మొదటి మడిలోనే ఎక్కువగా దిగుతాయి. చివరి మడి శుభ్రంగా ఉండొచ్చు. రెండూ కలిపేస్తే మొదటి మడి విషం సగటులో కనిపించకుండా పోతుంది. కాలువ దగ్గర మడికి ఒకటి, మధ్యకు ఒకటి, చివరకు ఒకటి, మూడు శాంపిళ్లు పంపండి.

రిపోర్టులో 'మొత్తం' అనీ, 'లభ్య' లేదా 'డీటీపీఏ' అనీ రెండు రకాల అంకెలు ఉంటాయి. మొత్తం అంటే మట్టిలో ఉన్నదంతా. లభ్యం అంటే వేరుకు అందేది. రెండూ అడగండి. మొత్తానికి ఒక కొలబద్ద కావాలంటే, మురుగు మడ్డి వాడే పొలాలకు యూరప్ పెట్టుకున్న హద్దులు చూడొచ్చు: కిలో మట్టికి కాడ్మియం 1 నుంచి 3 మిల్లీగ్రాములు, సీసం 50 నుంచి 300, నికెల్ 30 నుంచి 75, జింక్ 150 నుంచి 300.

వీలైతే పండిన ఆకుకూరను కూడా పంపండి. సగం బాగా కడిగి, సగం కడగకుండా, రెండు కవర్లలో. కడిగినదాంట్లో అంకె బాగా తగ్గితే లోహం దుమ్ముగా ఆకు మీద పడిందన్నమాట. రెండూ ఒకలాగే ఉంటే వేరు నుంచి వచ్చింది. సీసం విషయంలో తరచూ దుమ్మే దోషి.

ఇక్కడ రైతులూ, ఒక్కోసారి చదువుకున్నవాళ్లూ తికమకపడే చోటు ఒకటుంది. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణాల ప్రకారం ఆకుకూరల్లో కాడ్మియం కిలోకు 0.2 మిల్లీగ్రాములు, సీసం 0.3 దాటకూడదు. ఇది పచ్చి కూర బరువు మీద లెక్క. ల్యాబు తరచూ ఎండిన బరువు మీద అంకె ఇస్తుంది. పాలకూరలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఎండిన కిలోకు 2 మిల్లీగ్రాములని వస్తే పచ్చి కిలోకు 0.2 అన్నట్టు, అంటే సరిగ్గా హద్దు మీద ఉంది. ఏ బరువు మీద ఇచ్చారో అడగకుండా కంగారుపడకండి, ధీమాగానూ ఉండకండి.

ఆరో పని: నేలను సరిచేయండి

లోహాన్ని నేలలోంచి తీసేయలేం, కానీ వేరుకు అందకుండా చేయొచ్చు. ఏ లోహమో తెలియకుండా మాత్రం మొదలుపెట్టకండి. ఒకదానికి మందు ఇంకోదానికి విషమవుతుంది.

కాడ్మియం, సీసం, నికెల్, జింక్ పుల్లని నేలల్లో కరుగుతాయి. పీహెచ్ 6.5 నుంచి 7 దాకా పెంచితే మట్టికి అతుక్కుంటాయి. ఎర్ర చలక నేల పీహెచ్ 6 కంటే తక్కువుంటే సున్నం వేయండి. ఎంత వేయాలో మట్టి పరీక్షలోనే సున్నం అవసరం అడిగి తెలుసుకోండి. నల్లరేగడి పీహెచ్ చాలాచోట్ల ఎనిమిది దగ్గరే ఉంటుంది. అక్కడ సున్నం వేస్తే ఇనుము, జింక్ అందకుండా పోయి, పైన చెప్పిన ద్వారాలు ఇంకా తెరుచుకుంటాయి. ఆర్సెనిక్, ఆరు వేలెన్సీ క్రోమియం ఉన్న నేలలో కూడా సున్నం వద్దు. పీహెచ్ పెరిగితే అవి ఇంకా కదులుతాయి.

పశువుల ఎరువు క్రోమియానికి మంచి మందు. సేంద్రియ పదార్థం ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మూడు వేలెన్సీకి మారుస్తుంది. అది అంతగా కరగదు, అంతగా విషమూ కాదు. మిగతా లోహాలను కూడా పెంట పట్టుకుంటుంది. నగరం చెత్త కంపోస్టు కొంటే మాత్రం దాని రిపోర్టు అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అందులో కిలోకు కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50, నికెల్ 50, ఆర్సెనిక్ 10 మిల్లీగ్రాములు దాటకూడదు. రిపోర్టు చూపించకపోతే కొనకండి.

జింక్ లోపం ఉన్న నేలలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ మనం మామూలుగా వేసేదే. కాడ్మియం ఉన్న చోట దానికి రెండో లాభం ఉంది, ద్వారం దగ్గర జింక్ కాడ్మియంతో పోటీ పడుతుంది. జింక్ ముందే ఎక్కువున్న నేలలో వేస్తే పని చేయకపోగా చేటు. పొటాష్ వేయాల్సి వస్తే మ్యూరేట్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఎంచుకోండి. మ్యూరేట్‌లోని క్లోరైడ్ కాడ్మియంతో కలిసి దాన్ని కరిగించి వేరు దగ్గరికి చేరుస్తుంది. ఉప్పు నీళ్లు పారే పొలాల్లోనూ జరిగేది ఇదే.

భాస్వరం సీసాన్ని కరగని లవణంగా మార్చి కట్టేస్తుంది. అదే భాస్వరం మట్టి రేణువులకు అతుక్కున్న ఆర్సెనిక్‌ను ఊడగొడుతుంది. భాస్వరం ఎరువుల్లోనూ ముడి రాయి నుంచి వచ్చిన కాడ్మియం కొంత ఉంటుంది. యూరప్‌లో 2022 నుంచి కిలో భాస్వరానికి (పీ2ఓ5 లెక్కన) 60 మిల్లీగ్రాముల కాడ్మియం హద్దు అమల్లో ఉంది. కాబట్టి సిఫారసు మించి డీఏపీ గుమ్మరించకండి.

ఏడో పని: వరి అయితే నీళ్లతో ఆట

జపాన్‌లో తొయామా ప్రాంతంలోని జింజూ నదికి ఎగువన కమియోక గని ఉండేది. ఆ గని కాడ్మియం నదిలో కలిసి, కాలువల ద్వారా వరిమళ్లకు చేరింది. ఆ బియ్యం ఏళ్ల తరబడి తిన్నవాళ్లకు, ముఖ్యంగా పిల్లలు కన్న ఆడవాళ్లకు, ఎముకలు మెత్తబడి దగ్గితే కూడా విరిగేవి. ఇతాయ్ ఇతాయ్ జబ్బంటారు దాన్ని. అది కాలుష్యం వల్ల వచ్చిందని జపాన్ ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. ఆ వరి చచ్చిపోలేదు. పండింది, గింజ పట్టింది, జనం తిన్నారు. మొక్క తట్టుకోవడాన్ని క్షేమం అనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఆ దేశం నేర్చుకున్న పద్ధతి మనకూ పనికొస్తుంది. మడిలో నీళ్లు నిలిస్తే ఆక్సిజన్ అందక సల్ఫైడ్ ఏర్పడి కాడ్మియాన్ని కట్టేస్తుంది. ఆరితే కాడ్మియం విడుదలవుతుంది. కాబట్టి కాడ్మియం ఉన్న పొలంలో ఈనికకు (వెన్ను బయటికి వచ్చే దశకు) మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తర్వాత దాకా మడి ఆరనివ్వకండి.

ఆర్సెనిక్ ఉంటే సరిగ్గా తిరగేయాలి. నిలవనీళ్లలో అది వేరుకు బాగా అందుతుంది. తడిపి ఆరబెట్టే పద్ధతి పాటించండి. ఊక బూడిద వేస్తే సిలికాన్ అంది ఆర్సెనిక్ కొంత తగ్గుతుంది. రెండూ ఉన్న పొలంలో వరి మానేయడమే నా సలహా. నీళ్లు పెట్టినా ముప్పే, తీసినా ముప్పే.

ఎనిమిదో పని: పంట ఎంచుకోండి

రిపోర్టులో కాడ్మియం హద్దు దగ్గరున్నా, దాటినా పాలకూర, తోటకూర, చుక్కకూర, మెంతికూర, కొత్తిమీర వేయకండి. ఆకు కోసమే పెంచే పంటల్లో లోహం నేరుగా మన కంచంలోకి వస్తుంది. సీసం ఎక్కువుంటే ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ కూడా వద్దు. గింజల్లో వేరుశనగ, పొద్దుతిరుగుడు, వరి కాడ్మియాన్ని గింజ దాకా పంపుతాయి. పొగాకు ఆకులో అది బాగా పేరుకుంటుంది. టమాటా, బీర, సొర, చిక్కుడు లాంటి కాయలు, మొక్కజొన్న గింజ కొంత మేలు. మొక్కజొన్న చొప్ప సంగతి వేరు, అది పశువులకు వేసే ముందు ఆలోచించాలి.

నేల మరీ చెడిపోయి ఉంటే తిండి పంటలే మానేయండి. బంతి, చేమంతి పూలకు పండగల్లో గిరాకీ ఉంటుంది. సుబాబుల్, జామాయిల్ కలపకు పోతాయి. ఆముదం లోహాలను బాగా తట్టుకుంటుంది, నూనె ఎలాగూ పరిశ్రమలకే. దాని పిండిని మాత్రం కూరగాయల మళ్లకు ఎరువుగా వేయకండి. పత్తి వేసుకోవచ్చు, చెక్క గేదెలకు పెట్టే ముందు పరీక్ష చేయించండి. పారా గడ్డి వేసేవాళ్లు కనీసం నీళ్లు దిగే మొదటి మడి గడ్డిని పాలిచ్చే పశువులకు వేయకుండా ఉంటే మంచిది.

గట్ల మీద వట్టివేరు నాటండి. లోహాలను ఎక్కువగా వేర్లలోనే ఉంచుకుని, మట్టి కొట్టుకుపోకుండా కాపాడుతుంది. అక్కడే ఒక చిక్కు కూడా ఉంది: ఆ వేర్లను కుండలో నీళ్లకు, షర్బత్‌కు, కూలర్ చాపలకు అమ్మకండి.

తొమ్మిదో పని: మొక్కలతో నేలను కడగాలనుకుంటే

ఆవాలు, పొద్దుతిరుగుడు వేసి లోహాన్ని లాగేస్తామని చెప్పేవాళ్లు మీ దగ్గరికి రావచ్చు. ముందు లెక్క చేయండి. ఒక ఎకరం పైపొర మట్టి 15 సెంటీమీటర్ల లోతుకు సుమారు 900 టన్నులు. కిలోకు 3 మిల్లీగ్రాముల కాడ్మియం ఉంటే మొత్తం 2.7 కిలోలు. దాన్ని 1 మిల్లీగ్రాముకు దించాలంటే 1.8 కిలోలు తీయాలి. ఎకరాకు నాలుగు టన్నుల ఎండు మొక్క వచ్చి, అందులో కిలోకు 20 మిల్లీగ్రాములు ఉందనుకుంటే ఒక పంటకు పోయేది 80 గ్రాములు. ఇరవై మూడు పంటలు కావాలి, అదీ ప్రతిసారీ అంతే లాగితే. మట్టిలోని సీసం విషయంలో అయితే ఆశే పెట్టుకోకండి, అది పైకి ఎక్కదు. ఎక్కించడానికి లోహాన్ని కరిగించే ఈడీటీఏ అనే రసాయనం కలపమంటే ఒప్పుకోవద్దు. కరిగిన లోహం మొక్క తాగే లోపే కిందికి దిగి బోరు నీళ్లలో కలుస్తుంది.

ఆర్సెనిక్ ఒక్కదానికి నిజంగా పనిచేసే మొక్క ఉంది. మన ఊళ్లలో పాత గోడల సున్నపు సందుల్లో నిచ్చెన మెట్లలా ఆకులతో మొలిచే ఫెర్న్, టెరిస్ విట్టాటా. ఫ్లోరిడాలో శాస్త్రవేత్తలు ఆర్సెనిక్ కలిపిన మట్టిలో పెంచి చూస్తే దాని ఆకుల్లో కిలోకు 22 వేల మిల్లీగ్రాములకు పైగా ఆర్సెనిక్ ఉందని 2001లో తేలింది. దాన్ని నాటితే ఆకులు కోసిన ప్రతిసారీ చేతి తొడుగులు వేసుకోండి. పశువులు మేయకుండా కంచె కట్టండి.

ఏ మొక్కతో లాగినా కోసినదాన్ని కంపోస్టులో వేయకూడదు, పొలంలో తగలబెట్టకూడదు. తగలబెడితే ఆర్సెనిక్, కాడ్మియం పొగలో కలుస్తాయి, మిగిలింది బూడిదతో మళ్లీ నేలకే వస్తుంది. ఎండబెట్టి సంచుల్లో కట్టి, మీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని అడిగి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రానికి పంపాలి. ఆ ఏర్పాటు ముందే లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి.

పదో పని: కోత తర్వాత, వచ్చే ఏడాది

రోడ్డు పక్క, ఫ్యాక్టరీ పక్క పొలాల కూరలను పారే నీళ్లలో రెండుసార్లు కడగండి, బయటి ముదురాకులు తీసేయండి. దుమ్ముగా పడిన సీసం ఇలా చాలావరకు పోతుంది. ఆకు లోపలున్న కాడ్మియం కడిగితే పోదు. ఆర్సెనిక్ అనుమానమున్న బియ్యాన్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి గంజి వార్చండి, కొంత గంజితో పోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో పెరటి మట్టి మీద అనుమానం ఉంటే వాళ్లు ఆడుకునే చోట గడ్డి పరచండి, చేతులు కడిగించాకే అన్నం పెట్టండి. సీసం పెద్దవాళ్లకంటే పిల్లల మెదడుకే ఎక్కువ హాని చేస్తుంది.

ఏడాది తిరిగాక అదే కాలంలో, అవే మూడు చోట్ల, అదే ల్యాబుకు మళ్లీ మట్టి పంపండి. సున్నం, పెంట వేసినందుకు 'మొత్తం' అంకె తగ్గదు. తగ్గాల్సింది 'లభ్య' అంకె. అది తగ్గితే ముందు ఒక చిన్న మడిలో తోటకూర వేసి, ఆ కూరను పరీక్షకు పంపి, పచ్చి బరువు మీద హద్దుకు లోపల ఉంటేనే మిగతా మళ్లకు వెళ్లండి. పీహెచ్ మళ్లీ దిగితే కట్టుబడిన లోహం మళ్లీ విడుదలవుతుంది కాబట్టి, సున్నం వేసిన ఎర్ర నేలల్లో రెండు మూడేళ్లకోసారి పీహెచ్ చూసుకుంటూ ఉండండి.